జేబులో ఫ్యూజు

“బోర్డు మళ్లీ లేవలేదు గట్టయ్య గారూ. ఈ నెలలో ఇది మూడోసారి,” అన్నాడు ఇంజనీరు సాయితేజ పంపు గదిలోకి వస్తూనే.

గట్టయ్య స్టూలు జరిపి పక్కన నిలబడ్డాడు.

గోదావరిఖని శివారులో మూతబడ్డ బొగ్గు బాయి అది. మనుషులు పోయారు. ఊట నీళ్లు మాత్రం పోలేదు. అవి మట్టం దాటితే పక్క బాయిలో పనిచేసేవాళ్ల మీదికి పోతాయి. అందుకని ఒక మోటారు, దాని దగ్గర ఒక మనిషి.

మునుపు గంటగంటకూ ఆఫీసు కంట్రోల్ రూమ్ నుంచి రాజకుమారి ఫోన్ చేసి, నీళ్లెన్ని అడుగులున్నాయని అడిగేది. మందమర్రి పిల్ల. ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు. ఆ గదిలో ఆమె కూడా ఒక్కతే. తర్వాత సాయితేజ వచ్చి గోడకు అరచేయంత కంప్యూటర్ బోర్డు బిగించాడు. అది నీళ్లు కొలిచి నేరుగా ఆమె తెర మీద చూపిస్తుంది. ఫోన్ మోగడం ఆగిపోయింది. బోర్డు లేవని రోజున మాత్రం మోగుతుంది. ఈ పొద్దున్నుంచి మూడుసార్లు మోగింది. మూడోసారి నీళ్ల సంగతి అయ్యాక, ఏం కూర తెచ్చుకున్నావని కూడా అడిగింది. చిక్కుడుకాయ అని గట్టయ్య చెప్పాడు.

సాయితేజ కరెంటు ప్లగ్గు మార్చి చూశాడు. లాభం లేదు. బోర్డులోంచి గోరంత మెమరీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. గట్టయ్య దాన్ని తీసి సాయితేజ చొక్కా జేబులో వేశాడు.

“తీసినోళ్ల జేబులనే ఉండాలె సార్. బాయిల మోటారు ఫ్యూజు తీసినోడు గంతే, జేబులేసుకుంటడు. వాడే వచ్చి పెట్టాలె. ఇంకెవడు పెట్టొద్దు.”

సాయితేజ నవ్వి, కార్డును ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాడు. చెడిపోలేదు. మళ్లీ బోర్డులో పెట్టి, మూడు సన్నటి వైర్లు తగిలించాడు. ల్యాప్‌టాప్ తెర మీద అక్షరాలు గబగబా పరిగెత్తి ఒకచోట ఆగాయి.

“ఇదిగో, ఇక్కడ ఆగింది. ఎదురుచూస్తోంది.”

“ఎవలి కోసం సార్?”

కార్డులో గదులుంటాయని సాయితేజ చెప్పాడు. నడిపించే సరుకంతా రెండో గదిలో ఉంది. ఏ గదికి పోవాలో ఒక ఫైల్లో రాసి ఉంటుంది. అక్కడ ఎవరో రెండు తీసి మూడు పెట్టారు. మూడో గది లేనే లేదు. నడుస్తుండగా అంకె మార్చినా ఏమీ తెలియదు. పొద్దున షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు కరెంటు తీస్తారు కదా, తిరిగి లేచేటప్పుడు లేని గది కోసం చూస్తూ నిలబడిపోతుంది.

“ఎన్ని దినాలు చూస్తది?”

“కరెంటు ఉన్నన్నాళ్లు.”

గట్టయ్య కాసేపు బోర్డు వంకే చూశాడు.

“అంకె దానంతటది మారదు. బిగించిన రోజున ఒక్కసారే పొరపాటున మూడు పడింది. అప్పుడే దిద్దించాను,” అన్నాడు సాయితేజ.

గట్టయ్యకు గుర్తుంది. ఆ రోజు ఇదే గదిలో ఫోన్ చెవిన పెట్టుకుని, మూడు కాదు రెండు కొట్టమని సాయితేజ కంట్రోల్ రూమ్‌కు రెండుసార్లు గట్టిగా చెప్పాడు.

“ఇక్కడికి ఎవరెవరు వస్తారు?”

“ఎవలు రారు సార్.”

“దీని కీబోర్డు ఎక్కడుంది?”

“డెస్కులనే ఉన్నది.”

సాయితేజ ఆయన్ని ఎగాదిగా చూశాడు. “సరే. ఫ్యూజు ఎవరి జేబులో ఉందో కార్డే చెబుతుంది. ఎవరు, ఎప్పుడు మార్చారో అందులో రాసుకుంటుంది. నీళ్లతో ఆటలు కావివి. దొరికినవాళ్లకు ఉద్యోగం ఉండదు.”

కార్డు మళ్లీ తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. అంతలో ఫోన్ మోగింది. గట్టయ్య వెళ్లి ఎత్తాడు. పన్నెండు అడుగులన్నాడు. ఇంజనీరు వచ్చాడా అని అటునుంచి అడిగితే, చూస్తున్నాడని చెప్పి పెట్టేశాడు. తిరిగి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

“అది చూసుడెందుకు సార్. నేనే మార్చిన.”

“మీరా? మీకు ఇంగ్లిష్ వచ్చా?”

“అంకెలొస్తయి. మూడో తరగతి దాక పోయిన.”

“ఎందుకు మార్చారు?”

గట్టయ్య తలుపు వైపు చూశాడు. బయట తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు.

“ఫోన్ మోగుతదని.”

సాయితేజ ఆ రాత ఇంక తెరిచి చూడలేదు. తర్వాత అంకె దిద్ది కార్డు బోర్డులో పెట్టాడు. అర నిమిషంలో బోర్డు లేచింది. పచ్చలైటు మినుకుమినుకుమంది. రిటైర్‌మెంటుకు నాలుగు నెలలే ఉన్నాయి కాబట్టి పెద్దది చేయనన్నాడు. రేపట్నుంచి యార్డులో గడ్డి పీకే పనికి పొమ్మన్నాడు. అక్కడ ఫోన్ లేదని గట్టయ్యకు తెలుసు. కాగితం మీద చూపించిన చోట ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని సంతకం పెట్టాడు.

జీపు వెళ్లిపోయింది. గంట గడిచింది, ఫోన్ మోగలేదు. రెండో గంట కూడా మోగలేదు. షిఫ్టు దిగే వేళ, మూడు గంటలు కావస్తుండగా గట్టయ్య టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, రిసీవర్ ఎత్తాడు. తనంతట తాను కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

“ఏంది కాకా? నీళ్లు తెర మీద కనవడుతనే ఉన్నయి గద,” అంది రాజకుమారి.

“కనవడనియ్యి. రేపటి సంది ఈడ నేనుండ, వేరేటోళ్లొస్తరు,” అన్నాడు గట్టయ్య. సంచి భుజానికి తగిలించుకున్నాడు. “ఆ రెండును ఇంక మూడు చెయ్యకు బిడ్డా.”