యముడి చెల్లెలు

గడ్డిబొమ్మ గుండెల మీద అతికించిన అట్టముక్క మీద 'యముడి చెల్లెలు' అని రాసి ఉంది. చుట్టూ చేరిన జనం పగలబడి నవ్వుతున్నారు. ఫిజియోథెరపిస్టు కూడా నవ్వబోయి ఆగిపోయింది. బొమ్మకు తొడిగిన నీలం కోటు తను రోజూ క్లినిక్‌లో వేసుకునే కోటు లాంటిదే. సిగలో గుచ్చిన పెన్సిలు, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, ఎదుటివాడి కంట్లో పొడిచేలా చాచిన చూపుడువేలు, అన్నీ తనవే.

"అచ్చు గుద్దినట్టు నువ్వేనే అక్కా," అంది పక్కనున్న చెల్లెలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "నువ్వు యముడి చెల్లెలివైతే మరి నేనాయనకి ఏమవుతాను?"

"నోరు ముయ్యి."

ఆకులు రాలే కాలం వచ్చిందంటే ఆ బొటానికల్ గార్డెన్‌లో గడ్డిబొమ్మల పోటీ పెడతారు. బడిపిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, ఫైర్ స్టేషన్ వాళ్ళు, ఎవరికి వారు బొమ్మలు చేసి దారి పొడవునా నిలబెడతారు. పిల్లలు ఎండుటాకుల కుప్పల్లోకి దూకుతుంటారు. పెద్దవాళ్ళు చెట్ల కింద కూర్చుని వచ్చే ఏటికి విత్తనాలు పొట్లాలు కడుతుంటారు. దొరక్క దొరికిన సెలవు, కాస్త చల్లగాలి పీల్చుకుందామని వచ్చిందామె. ఇక్కడ తగిలింది ఈ వడగాలి.

"ఎవరు చేశారండీ దీన్ని?" అని పోటీ నిర్వహిస్తున్నావిడను నిలదీసింది.

"బుధవారం బృందమండీ. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్ళు. వారం వారం ఇక్కడికొచ్చి మొక్కల పని, చేతిపని నేర్చుకుంటారు," అందావిడ సంబరంగా. "అదుగో, అక్కడే ఉన్నారు. ఈసారి బహుమతి దీనికే వచ్చేట్టుంది."

అద్దాల మొక్కల ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు వాళ్ళు. అందరూ తన పేషెంట్లే. ఆమె ఎదురుగా వచ్చి నిలబడేసరికి నవ్వులు టక్కున ఆగాయి. బస్సు డ్రైవరు తన చేతికర్రను పరీక్షగా చూసుకున్నాడు. లెక్కల మాస్టారు ఆకాశంలో ఏదో వెతికాడు. ముసలి దర్జీ ఒక్కడే ఆమె వంక సూటిగా చూశాడు.

"బాగుందండీ. చాలా బాగుంది," అంది ఫిజియోథెరపిస్టు. "యముడి చేతుల్లోంచి మిమ్మల్ని లాక్కొచ్చి కాళ్ళ మీద నిలబెడుతున్నదెవరు? కంచంలో అన్నం చల్లారిపోతున్నా, పేషెంటు వచ్చారంటే లేచి పరుగెత్తేదెవరు? అలాంటిదాన్ని పట్టుకుని యముడి చెల్లెలంటారా? ఊరంతా చూసి నవ్వడానికి తోటలో నిలబెడతారా?"

"సరదాకి చేశారమ్మా, మనసులో పెట్టుకోకండి," అంటూ పక్కనే తోడుగా కూర్చున్న దర్జీ భార్య లేచింది. "మీరంటే వీళ్ళకి చచ్చేంత భయం. ఆ భయంకొద్దీ..."

"పిన్నిగారూ, మీరు వెనకేసుకురాకండి. బాబాయిగారి సంగతి నాకు తెలీదా? నెలల తరబడి ఆ కుడిచేతిలో రబ్బరు బంతి పెట్టి, పట్టుకోండి పట్టుకోండి అని మొత్తుకుంటున్నాను. ఒక్కరోజు వేళ్ళు ముడిచిన పాపాన పోలేదు. నా నోరు పడిపోయింది గానీ ఆయన చెయ్యి లేవలేదు. నన్ను వెక్కిరించడానికైతే ఎక్కడలేని ఓపికా వచ్చింది."

దర్జీ తల వంచుకోలేదు. "పోలిక కుదిరిందా అమ్మా?" అని అడిగాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. గిర్రున వెనక్కి తిరిగి, విసవిసా గడ్డిబొమ్మ దగ్గరికి నడిచింది.

"ముట్టుకోకూడదండీ," అంటూ పోటీ నిర్వహిస్తున్నావిడ అడ్డొచ్చింది.

"నా బొమ్మను నేను ముట్టుకోకూడదా?"

ఆవిడ పక్కకు తప్పుకుంది.

తల పీకేస్తే పీడా పోతుందనుకుంది ఫిజియోథెరపిస్టు. గోనెగుడ్డలో గడ్డి కుక్కి తల చేశారు. దాన్ని మెడ దగ్గర జనపనార తాడుతో ముడివేశారు. గోళ్ళతో లాగింది. కదల్లేదు. కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ పట్టింది. గోరు విరిగింది గానీ ముడి సడలలేదు. చెల్లెలు వచ్చి ఓ చెయ్యి వేసింది. తాడు గుడ్డలోకి దిగబడిపోయి ఇనపకడ్డీలా ఉంది.

"ఎవరు వేశారండీ ఈ ముడి?" అంది రొప్పుతూ.

"ఆయనే," అంది వెనకే వచ్చిన దర్జీ భార్య. "తప్పయిపోయిందమ్మా. కత్తెర తెమ్మంటారా?"

ఫిజియోథెరపిస్టు చేతులు ముడి మీదే ఆగిపోయాయి. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగితే తప్ప తాడు అలా బిగుసుకోదు.

"ఇంకెవరైనా సాయం పట్టారా?"

"లేదమ్మా. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు."

ఆమె బొమ్మను వదిలేసి, వచ్చినంత వేగంగానూ తిరిగి వెళ్ళి దర్జీ కుర్చీ ముందు గొంతుక్కూర్చుంది. "బాబాయిగారూ, ఏదీ, ఆ చెయ్యి ఇలా చూపించండి."

దర్జీ కుడిచేతిని ఒళ్ళోంచి నెమ్మదిగా లేపాడు. వేళ్ళు ఒక్కొక్కటే వంగి, పిడికిలి బిగుసుకుంది. ఆమె దాన్ని విప్పబోయింది. రాలేదు.

కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా, గొంతులో కోపం మాత్రం తగ్గలేదు. "మరి ఇన్నాళ్ళూ నా దగ్గరెందుకు దాచారు?"

"దాచలేదు తల్లీ," అన్నాడు దర్జీ. "బంతి పట్టుకోమంటే ఎంత తంటాలుపడినా రాలేదు. మొన్న ఆ తాడు బిగిస్తూ, ఇది మీ మెడ అనుకునేసరికి వచ్చేసింది."