పత్తిగంప వారు

"ఈ పెళ్ళికి అడ్డం చెప్పేవాళ్ళెవరన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి" అని పాస్టరు శ్యామ్ సుందర్ గారు కాగితం మడవబోతుంటే, "నేనున్నాను" అంటూ వెనక బెంచీలోంచి ఇషాక్ లేచాడు.

చర్చిలో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. మొదటి రెండుసార్లూ ఎవరూ కిమ్మనలేదు. ఇది మూడోది, ఆఖరిది. ఇది దాటితే వచ్చే బుధవారం ఇదే సత్తెనపల్లి చర్చిలో ఫిలిప్‌కీ మహిమకీ పెళ్ళి. మహిమ ఇషాక్‌కి ఒక్కగానొక్క కూతురు. ఇక్కడే ఆసుపత్రిలో నర్సు. నాన్న వద్దన్నా వినకుండా ప్రకటన వేయించుకుంది. ఇక ఆ తండ్రి కోపం గురించి చెప్పాలా? ప్రత్తిపాడులో బస్సెక్కింది మొదలు కండక్టరుతో, పక్క సీటువాడితో, చివరికి కిటికీ తలుపుతో కూడా తగువు పెట్టుకుంటూనే వచ్చాడు.

ఆరాధన అయ్యాక అందరూ పాస్టరు గదిలో చేరారు. కుర్చీ చూపించినా ఇషాక్ కూర్చోలేదు.

"అయ్యగారూ, మీరు చదివిన పేర్లు మీరే వినలేదా? పత్తిగంప ఫిలిప్, పత్తిగంప మహిమ. ఒకే ఇంటిపేరు. వరసకి అన్నాచెల్లెళ్ళు. వాళ్ళిద్దరికీ పెళ్ళేంటండీ, సిగ్గు లేకుండా?"

"ఇంటిపేరు కలిసినంత మాత్రాన..." అని ఫిలిప్ నసిగాడు.

"నువ్వు మాట్లాడకు. ఊరికి పదిళ్ళున్న పేరైతే పోనీలే, ఎవరికెవరో అనుకునేవాణ్ణి. ఓటర్ల లిస్టులు తెప్పించి చూశాను. అటు దర్శి దాకా, ఇటు గుంటూరు దాకా పత్తిగంప వాళ్ళవి మొత్తం రెండే ఇళ్ళు. మాదొకటి, మీదొకటి. రెండే ఇళ్ళంటే ఒక ముత్తాత బిడ్డలం కాక ఇంకేంటి?"

"నాన్నా, ఆ ముత్తాతని నువ్వు చూశావా?" అంది మహిమ.

"చూడకపోతే? మా నాన్న కథలు కథలుగా చెప్పాడు. మనవాళ్ళు గంపలకి గంపలు పత్తి పండించినవాళ్ళు. ఒకళ్ళ చేలో కూలికి దిగి ఎరగరు. మన గంప నిండాకే ఊళ్ళో మిగతావాళ్ళ గంపలు లేచేవంట. అందుకొచ్చింది ఆ పేరు. అడుక్కుంటే వచ్చింది కాదు."

పాస్టరు గారు మహిమ వైపు తిరిగారు. "నిజంగా ఒకే రక్తమైతే ఈ పెళ్ళి నేను చెయ్యలేనమ్మా" అన్నారు. మహిమ మొహం పాలిపోయింది. చేసుకుంటే ఫిలిప్‌నే, లేకపోతే పెళ్ళే వద్దని ఆ పిల్ల ఎప్పుడో తేల్చి చెప్పేసింది.

మూల కుర్చీలో ఫిలిప్ నాయనమ్మ ఎలీసమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. అప్పటిదాకా చేతికర్ర పట్టుకుని నేలవైపే చూస్తోంది.

"ఒకే రక్తం కాదు అయ్యగారూ" అంది నెమ్మదిగా. "మా ఆయన్ని ఎవరు కన్నారో ఎవరికీ తెలీదు. పత్తితీతల రోజుల్లో నెలల బిడ్డని గంపలో పడుకోబెట్టి, మిషనాసుపత్రి అరుగు మీద వదిలేసి పోయారంట. డాక్టరమ్మ చేరదీసి పెంచింది. బళ్ళో వేసేటప్పుడు ఇంటిపేరు చెప్పమన్నారు. ఏం చెబుతుంది? పత్తిగంప అని రాయించింది. మా ఇంటిపేరు అట్టా వచ్చింది."

ఫిలిప్‌కి కూడా ఈ సంగతి కొత్తే. పాస్టరు గారు మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"అయితే రక్తసంబంధం లేనట్టే. మీ అభ్యంతరం తీరిపోయింది ఇషాక్ గారూ."

"తీరిపోవడమేంటండీ?" ఇషాక్ కోపం నషాళానికంటింది. "మా పేరు ఎక్కడో విని, బాగుందని ఈళ్ళకి తగిలించింది ఆ డాక్టరమ్మ. ఇన్నాళ్ళూ మా పేరు మోసుకు తిరిగింది ఎవరయ్యా అంటే, అరుగు మీద దొరికినోడు. ఏ తల్లి కన్నదో తెలీదు, ఏ కులమో తెలీదు. అట్టాంటోడి మనవడికి పత్తిగంప వారి పిల్లనివ్వాలా?"

కోపంలో ఉన్నవాడికి నిన్నటి మాట గుర్తుండదంటారు. ఇషాక్‌కి పావుగంట కిందటి మాటే గుర్తులేదు. ఒకే రక్తం కాబట్టి వద్దన్న నోటితోనే, ఏ రక్తమో తెలీదు కాబట్టి వద్దంటున్నాడు.

"నాన్నా, చాలు" అంది మహిమ.

"చాలదు. ఆ ముసలామె ఇంకా ఏం దాచిందో. దిక్కూ మొక్కూ లేనోణ్ణి కట్టుకుని, ఇన్నేళ్ళూ గొప్పింటి పేరు చెప్పుకు బతికింది."

ఎలీసమ్మ మొహం గంటుపెట్టుకుంది. తనని ఏమన్నా పడేది. పోయిన మొగుణ్ణి అంటే ఎందుకు పడుతుంది? కర్ర ఊతంగా లేచి నిలబడింది. ఫిలిప్ చెయ్యందించబోతే తోసేసింది.

"దాచిన మాట నిజమేనయ్యా. ఒక మనిషికి మాటిచ్చి దాచాను. బిడ్డలకి తెలిస్తే చిన్నబోతారు, పైకి రానీయొద్దని చేతులు పట్టుకుని అడిగాడు. ఇయ్యాల నువ్వే నా చేత అనిపిస్తున్నావు."

"అను. నాకేం భయం?"

"రెణ్ణెల్లు తిరక్కుండానే అదే అరుగు మీద ఇంకో గంప దొరికింది" అంది ఎలీసమ్మ. "ఆ పిల్లాడికీ అదే పేరు రాయించింది డాక్టరమ్మ. పెద్దయ్యాక ఊరొదిలి ప్రత్తిపాడు పోయాడు. నువ్వు ఆయన కొడుకువి."