పెట్టెలో ఎవరి గూడు

“దొంగచచ్చినోడా! నా పెరట్లో నీకేం పని?”

వెర్నా చీపురు ఎత్తింది. మంచు ఇంకా పూర్తిగా కరగనే లేదు, పొరుగింటి ఆరిన్, నీలిపిట్టలు గూడు కట్టుకోవాలని ఆమె పెట్టిన చెక్కపెట్టె తలుపు తీసి, లోపలి గూడు బయటికి లాగేశాడు.

“నీలిపిట్ట గూడు పీకితే జైలే. పోలీసులకు ఫోన్ చేస్తున్నా.”

“చెయ్. ముందు ఇది చూడు. కోడి ఈకలు, చాక్లెట్ కాగితం. నీలిపిట్ట ఇంత చెత్తగా కడుతుందా? ఇది పిచ్చుకలది.”

“అవి నీ సొమ్మేం తిన్నాయి? నిరుడూ ఇక్కడే తిరిగాయి. నీలిపిట్ట పిల్లలు చక్కగా ఎగిరిపోయాయని నువ్వే చెప్పావుగా!”

ఆరిన్ గూటిని నేలకేసి కొట్టాడు.

“అబద్ధం చెప్పాను. నీ నీలిపిట్టల గురించి చర్చిలో అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నావని నిజం చెప్పడానికి నోరు రాలేదు. తల్లినీ పిల్లల్నీ ఈ పెట్టెలోనే పొడిచి చంపాయి పిచ్చుకలు. నేనే పాతిపెట్టాను. రోజూ గింజలు పోసి ఆ పిచ్చుకల్ని పిలిచింది ఎవరనుకున్నావ్?”

పెట్టె పక్కనే వెర్నా పొద్దున నింపిన గింజల తొట్టి. దాని మీద పిచ్చుకలు కిచకిచలాడుతున్నాయి.

ఆమె చీపురుతో ఒక్క దెబ్బ కొట్టింది. తొట్టి కింద పడింది.

“ఎక్కడ పాతావు?” అని అరిచింది. “చూపించి చావు.”