కొనొద్దన్న మనిషి

"దాన్ని కొనకండి."

వీబెకె చెయ్యి యాంప్లిఫయర్ మీదే ఆగిపోయింది.

పక్కనున్న బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. బూడిదరంగు ఉన్ని టోపీ, మోకాళ్ల మీద చేతులు.

"ఏం, చెడిపోయిందా?"

"లేదు, మంచి సరుకే. ఇందాక మీరు ఫోన్లో చెబుతుంటే విన్నాను. బరువైన స్వరాలొచ్చినప్పుడే గరగరమంటోందంటే తప్పు మీ స్పీకర్లది. లోపలి కాగితం గిన్నె చుట్టూ స్పాంజి అంచు ఉంటుంది, అది పొడైపోయి ఉంటుంది. నూటయాభై క్రోనర్లు పెడితే కొత్తది అతికించుకోవచ్చు."

వీబెకె సంచిలో పద్దెనిమిది వందలున్నాయి. ఫిబ్రవరి నుంచి కూడబెట్టినవి.

చూపు పోయాక భర్త ఎయ్నర్ పొద్దంతా రికార్డులే వినేవాడు. ఆ గరగర మొదలయ్యాక, మూడు వారాలుగా వాటి జోలికే పోలేదు.

"ఇంటికెళ్లి స్పీకర్ ముందు గుడ్డ తీసి చూడండి. కాదనిపిస్తే సోమవారం రండి."

ఆమె గడియారం చూసింది. ఆల్బోర్గ్‌లోని ఆ పాత సామాన్ల దుకాణాన్ని శనివారం రెండింటికే మూసేస్తారు. ఇంకా ఏడు నిమిషాలే ఉంది.

"సోమవారం దాకా ఇది ఇక్కడే ఉంటుందా?"

"ఉండొచ్చు. ఉండకపోనూవచ్చు."

ఆమెకు ఒళ్లు మండింది.

"నేనటు వెళ్లగానే మీరు పట్టుకుపోదామనా?"

"దీన్ని నేనేం చేసుకుంటానమ్మా?"

"ఇలాంటి ఎత్తులు చాలా చూశాను. ఈ వయసులో సిగ్గుండాలి."

ఆయన బల్ల మీంచి లేచాడు. టోపీ సర్దుకుని బయటకు నడిచాడు.

వెనక గదిలో ఉన్న దుకాణదారు పాలెను పిలిచి, ఆమె మొత్తం డబ్బు చేతిలో పెట్టింది.

ఇంట్లో ఎయ్నర్ కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు. రికార్డు తిరిగింది. ట్రాంబోన్ బాకా కిందిస్వరం అందుకోగానే మళ్లీ అదే గరగర.

"బాగానే ఉందిలే," అని అతను గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

వీబెకె స్పీకర్ ముందు గుడ్డ ఊడదీసింది. వేలు తగిలిన చోటల్లా అంచు నల్లటి పొడిగా రాలింది.

సోమవారం దుకాణం తెరిచేసరికి ఆమె తలుపు దగ్గరే ఉంది.

"వెనక్కివ్వడానికి రాలేదు పాలె. శనివారం ఆ బల్ల మీద కూర్చున్న పెద్దాయన ఎక్కడుంటాడు?"

"తోర్కిల్ గారా? నిన్ననే ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారు."

"ఎక్కడికి?"

"చెప్పలేదు. చార్జీలకు డబ్బు చేతికందితే బయలుదేరతానన్నారు. అందింది, వెళ్లారు."

వీబెకె తల దించుకుంది.

"యాంప్లిఫయర్ నాకు దక్కకుండా తనే కొనాలని చూస్తున్నాడనుకున్నాను. నోటికొచ్చినట్టు అనేశాను."

పాలె తల అడ్డంగా ఊపాడు.

"ఆయన కొనడమేమిటి? అది ఆయనదే, అమ్మిపెట్టమని నా దగ్గర ఉంచారు. ఎవరైనా కొంటారేమోనని వారం రోజులుగా ఆ బల్ల మీదే కాచుక్కూర్చున్నారు."