లూకా సాక్ష్యం

"చర్చిలో సాక్ష్యం చెప్పొద్దా? ఎందుకు చెప్పొద్దే?"

లూకా అరుపుకు బజారంతా లేచి కూర్చుంది. ఆదివారం పొద్దున్నే మొగుడూ పెళ్లాల గొడవ.

అతని చేతిలో కొత్త రక్తపరీక్ష రిపోర్టు. కొలెస్ట్రాల్ నార్మల్! నిరుడు అది ఎక్కువుందని ఖమ్మం డాక్టర్ రాసిన గోలీలు వేసుకుంటే కాళ్లు ఒకటే గుంజుడు. సత్తుపల్లి బొగ్గు గనిలో డంపర్ లారీ ఎక్కడమే గగనమైపోయింది. చెబితే, "ఆపొద్దు, గుండెకు మంచిది" అన్నాడు డాక్టర్. గుంజేవి ఆయన కాళ్లా ఏమన్నా! ఆరు నెలల కిందట గోలీలన్నీ పెంటకుప్ప మీద పారేశాడు లూకా. వారం తిరక్కుండా నొప్పులు మాయం. ఇప్పుడు రిపోర్టు కూడా బాగుంది. ఇన్నాళ్లూ తనను వెర్రివాణ్ణి చేశారని కడుపు రగిలిపోతోంది.

"నలుగురికీ తెల్వాలె. దవాఖానోళ్లు మనల్ని గొర్రెల లెక్క చూస్తున్నరు!"

"నీకు తగ్గింది, చాలు. గమ్మున జావ తాగు," అంది ముత్యాలమ్మ.

ప్రళయం వచ్చినా సరే, జొన్న జావ తాగందే అతన్ని గడప దాటనివ్వదు. లూకా గటగటా తాగి, గిన్నె విసిరేసి నడిచాడు.

ప్రార్థన అయ్యాక, గోలీలు మానేశాకే దేవుడు తనను బాగు చేశాడని సాక్ష్యం చెప్పాడు. జనం "స్తోత్రం!" అన్నారు. రిపోర్టు చేతులు మారింది.

ముత్యాలమ్మ తమ్ముడు జోయెల్ లేచాడు. పోయిన ఏడాదే గుండెకు రెండు స్టెంట్లు వేయించుకున్న మనిషి.

"నాకూ కాళ్లు గుంజుతున్నయి బావా. ఇయ్యాల్టి సంది నేను గూడ బంద్!" జేబులోని గోలీలు తీసి కిటికీలోంచి గిరాటేశాడు.

"తమ్మీ, వద్దురా! సచ్చిపోతవురా!" ముత్యాలమ్మ ఉరికొచ్చింది.

"బావ సచ్చిండా అక్కా? ఆరు నెలలాయె, గుండు లెక్క ఉన్నడు!"

లూకాకు తల కొట్టేసినట్టయింది. తను కడుపు చించుకుని చెబితే, కట్టుకున్నదే కాదంటుందా?

"నిండు సంఘంలో నా పరువు తీస్తవా? నేను అబద్ధాలకోరునా? ఆ రిపోర్టు అబద్ధమా?"

ముత్యాలమ్మకు ఒళ్లంతా మండిపోయింది. తమ్ముడి వంక చూసింది. బైబిలు సంచిలో చెయ్యి పెట్టి, చేతికందింది తీసి మొగుడి ముఖాన కొట్టింది.

"రిపోర్టు నిజమేనయ్యా, ఎందుకు కాదు, ఆరు నెలల సంది నీ జావలో రోజూ ఈ గోలీలు నూరి కలుపుతున్నది నేనే గదా!"