చివర రావాల్సిన మాట

"మళ్లీ తప్పు." టీచరు చాక్‌పీసు బల్ల మీద పడేసింది. "'నేను రేపు పని చెయ్యాలి.' ఇంతే వాక్యం. ఇంకోసారి చెప్పమ్మా."

కాజాల కోడలు లేచి నిలబడింది. చొక్కాల కంపెనీలో కాజాలు కుట్టడం ఆమె పని. అందుకే వీధిలోనూ క్లాసులోనూ ఆ పేరే స్థిరపడిపోయింది.

"ఇక్ ముట్ వెర్కెన్ మొర్ఖెన్" అంది నేల చూపులు చూస్తూ.

టీచరుకు ఒళ్లు మండింది. డచ్చి భాషలో ఈ పాఠమంతా నాలుగు మాటలే. చెయ్యగలను, చెయ్యొచ్చు, చెయ్యాలి, చెయ్యాలనుంది. కాన్, మఖ్, ముట్, విల్. వీటిలో ఏది వాడినా, చేసే పని పేరు వాక్యం చివరికి పోయి కూర్చోవాలి. వెర్కెన్ అంటే పని చెయ్యడం, అది చివర: ఇక్ ముట్ మొర్ఖెన్ వెర్కెన్. అంతే.

"మన భాషలోనూ అది చివరే కదమ్మా వచ్చేది? ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు తప్పారంటే అర్థముంది. నీకేమొచ్చింది?"

ఆమె పుస్తకం మూసి కూర్చుంది.

పరీక్ష ఎల్లుండి. మూడోసారి. డచ్చి దేశంలో ఉద్యోగం చేస్తున్న కట్టుకున్నవాడి దగ్గరికి పోవాలంటే ఆడమనిషి పరాయి భాషలో పరీక్ష నెగ్గాలట. ఈ రూలు పెట్టినవాళ్లెవరో గానీ, వాళ్ల పెళ్లాలకు మాత్రం ఎవరూ ఏ పరీక్షా పెట్టి ఉండరు. ప్యాసైతే వీసా, నెల తిరక్కుండా విమానం. ఫెయిలైతే ఇంకో ఆరు నెలలు అత్తగారింట్లో, కాజాల మిషను ముందు.

క్లాసు అయ్యాక పక్క బెంచీ ప్లంబరు మెట్ల మీద ధైర్యం చెప్పబోయాడు. అతను పోయిన విడత మొదటి దెబ్బకే గట్టెక్కి, ఇప్పుడు పై పాఠాలకు వస్తున్నాడు.

"నువ్వు పక్కన కూర్చుని విడమర్చి చెప్పబట్టే నా మట్టిబుర్రకు ఎక్కింది అక్కా. నాకొచ్చింది నీకు రాకపోవడమేంటి?"

"పరీక్ష అంటే నాకు భయం తమ్ముడూ" అంది. అది అబద్ధం కాదు.

ఇంట్లో అత్తగారు ఆమెను వారం నుంచి వంటింటి గడప తొక్కనివ్వడం లేదు. చదువుకోమంది. సాయంత్రం ఫోను గోడకు ఆనించి కొడుకును చూపించింది. ఈసారి తప్పితే ఊరుకునేది లేదని అతను తెరలోంచి నవ్వాడు. వాడి ఆత్రం చూసి తల్లీ నవ్వింది. పోయిన సెలవుల్లో వచ్చి ఇరవై రోజులున్నాడు. అప్పుడే కోడలు బాత్రూములో జారి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. పాపం, వాడే చేతుల మీద ఆస్పత్రికి ఎత్తుకుపోయాడు. పెళ్లాం అంటే వాడికి అంత ప్రాణం.

కోడలు ఆ మోచెయ్యి పట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది. ఒక్కో వాక్యం ఇరవైసార్లు పలికింది. చొక్కా పొడుగునా కాజాకూ కాజాకూ మధ్య దూరం తప్పకుండా ఎలా కుడుతుందో, అలా. ఒక్క మాట పక్కకు జరిగినా మళ్లీ మొదటినుంచి. తలుపు దగ్గర నిలబడి విన్న అత్తగారు, ఇంత కష్టపడే పిల్ల తప్పుతోందంటే లోపం ఆ టీచరమ్మదేనని తేల్చేసింది.

పరీక్ష గదిలో అడిగే మనిషి లేడు. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా తెర. అందులోంచి గొంతు అడుగుతుంది. ఎర్రదీపం వెలిగినంతసేపే జవాబు చెప్పాలి.

రేపు మీరేం చెయ్యాలి?

ఆమె నోరు తెరిచింది. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నాలుక చివరికి వచ్చేశాయి. పళ్లు బిగించి, ఊపిరి పీల్చుకుని, బట్టీ పట్టింది పట్టినట్టు అప్పజెప్పింది. అలా ముప్పై ప్రశ్నలు. బయటికొచ్చి జవాబులన్నీ మళ్లీ లెక్కేసుకుంది. అన్నీ అనుకున్నట్టే చెప్పిందా? పదకొండో ప్రశ్న దగ్గర నోరు జారలేదు కదా?

ఆ పదకొండో ప్రశ్న ఐదు వారాలు ఆమెను తినేసింది. అన్నం సయించలేదు. కంపెనీలో సూది రెండుసార్లు వేల్లో దిగింది. ఫోను మోగితే చాలు, మిషను ఆపేసేది.

ఫలితం టీచరే చూసి చెప్పింది. ఫెయిల్.

కాజాల కోడలు క్లాసు మెట్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. టీచరు మనసు కరిగింది. పక్కన కూర్చుని వీపు నిమిరింది. పరీక్షలో ఏమేం చెప్పిందో ఒకసారి చెప్పమంది. ఆమె ముప్పై జవాబులూ వరసగా, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఆ పదకొండోదానితో సహా అన్నీ తప్పులే.

"అంతంత సేపు తలుపేసుకుని బట్టీ పట్టావని మీ అత్తగారు చెప్పింది. అదంతా ఏమైపోయిందమ్మా?" అంది టీచరు బాధగా.

ఎక్కడికీ పోలేదు.

ఆమె బట్టీ పట్టింది తప్పులనే.