చేపపిల్ల చివరి అధ్యాయం

“మేడమ్, ‘చేపపిల్ల’ చివరి అధ్యాయం ఇవ్వరూ!”

“నాక్కూడా మేడమ్! ఫైనల్లో గెలిచిందా లేదా? అదొక్కటి చెప్పండి చాలు!”

స్కూలు లైబ్రరీలో బల్ల చుట్టూ పిల్లలు మూగేశారు. లైబ్రరీ మేడమ్ రెండు సీలు కవర్ల మీద అరచెయ్యి ఆనించి, “శనివారం దాకా ఎవ్వరికీ ఇవ్వను, పొండి” అంటోంది. బీరువా పక్కన నిలబడి ఇదంతా చూస్తున్న ఫుట్‌బాల్ కథల రచయితకి కడుపు భగ్గుమంది.

పబ్లిషరు పద్ధతే అంత. పిల్లల కోసం ఆటల కథలు రెండు సిరీస్‌లు వేస్తున్నాడు. వచ్చే ఏడు ఒక్కదానికే చోటు. అందుకని రెండింటిలోనూ కొత్త పుస్తకాలకి చివరి అధ్యాయం పీకేసి పిల్లలకి చదవడానికిచ్చాడు. దేని ముగింపు కోసం పిల్లలు ఎక్కువ వెంటపడితే అది ఉంటుంది, రెండోది మూతపడుతుంది. ఒకటి ఈయన రాసే ‘గోల్‌కీపర్’. రెండోది ఈత పోటీల ‘చేపపిల్ల’. అది రాసింది పరాయి మనిషైనా సరిపెట్టుకునేవాడేమో. రాసింది స్వయానా భార్య చెల్లెలు!

“మరి మా గోల్‌కీపర్ కోసం ఎవరూ రాలేదా?” అని మేడమ్‌ని నెమ్మదిగా కదిపాడు.

“ఎందుకు రాలేదండీ, ఒకబ్బాయి వచ్చాడు. పుస్తకం ఎప్పటిలోగా వాపసు ఇవ్వాలని అడిగి వెళ్ళాడు.”

గుమ్మంలో మరదలు ఎదురైంది. “బావగారూ, నాకు భయంగా ఉందండీ. పిల్లలు నాది అసలు చదువుతున్నారంటారా?”

ఆ అమాయకత్వం చూసేసరికి ఆయనకి ఒళ్ళు మరింత మండింది. “ఏదోలే, తిరగేస్తున్నట్టున్నారు” అని మొహం తిప్పుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఈవిడ గడప తగిలి బోర్లా పడితే ఎంత బాగుండునని కూడా అనుకున్నాడు.

మర్నాడు భోజనాల వేళ స్కూలు మెట్ల మీద పిల్లలు చేపపిల్ల గురించే వాదించుకుంటుంటే, ఆయన వెళ్ళి వాళ్ళ మధ్య చతికిలపడ్డాడు.

“చివరికేమవుతుందో నేను చెప్పనా? అది రాసినావిడ మా ఇంటి మనిషే.”

పిల్లలు ఠక్కున ఆయన వైపు తిరిగారు. ఆ అధ్యాయంలో ఏముందో ఆయనకి ముక్క తెలీదు. పిల్లలకి ఆ పుస్తకం మీద విరక్తి పుట్టాలి, అంతే.

“ఓడిపోతుంది” అన్నాడు. “అలా ఇలా కాదు, అందరికన్నా ఆఖర్న వస్తుంది.”

“అబద్ధం!”

“సగం దూరంలో ఈత కళ్ళద్దాలు ఊడిపోతాయి. గుటకలు గుటకలుగా నీళ్ళు మింగేస్తుంది. మిగతావాళ్ళు ఈత ముగించి, ఒళ్ళు తుడుచుకుని, పతకాలు కూడా వేయించుకుంటారు. చూడ్డానికొచ్చిన జనం ఇళ్ళకి పోతారు. ఇది మాత్రం ఇంకా నీళ్ళలోనే ఉంటుంది.”

ఒక అమ్మాయి ముందుకు జరిగింది. “పోనీ, మధ్యలో బయటికి వచ్చేస్తుందా మామయ్యా?”

ఆయనకి ఇంకా కసి తీరలేదు. “వచ్చేస్తే సుఖపడేదిగా! రాదు. ఒక్కత్తే ఈదుతూ ఉంటుంది. అది గోడ ముట్టుకునేసరికి లైట్లు కూడా ఆర్పేస్తారు. పతకం లేదు, పాడూ లేదు. చప్పట్లు కొట్టే దిక్కయినా ఉండదు. అయిపోయింది కథ.”

“అయితే గోడ ముట్టుకుందన్నమాట” అని గొణుక్కుంటూ ఆ అమ్మాయి లేచిపోయింది. మిగతావాళ్ళూ తలలు వంచుకుని క్లాసులకి పోయారు. ఆ తర్వాత లైబ్రరీ బల్ల దగ్గర చేపపిల్ల పేరెత్తిన పాపాన ఒక్కరూ పోలేదు. ఆయన కడుపులో పాలు పోసినట్టయింది. ఇంట్లో భార్య ఏది వడ్డించినా బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఈయనకేమైందోనని ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

శనివారం పబ్లిషరు వచ్చి, పిల్లల్ని కూర్చోబెట్టి, కవర్లు చించి చదివాడు. గోల్‌కీపర్ ఆఖరి నిమిషంలో పెనాల్టీ ఆపి కప్పు గెలిచాడు. పిల్లలు మర్యాదగా చప్పట్లు కొట్టారు. చేపపిల్ల అందరికన్నా ముందు గోడ ముట్టుకుని బంగారు పతకం వేయించుకుంది.

“ఇది కాదు!” ఆ అమ్మాయి ఒక్క ఉదుటున లేచింది.

“ఇది దొంగ అధ్యాయం!”

“ఆఖర్న రావాలి! లైట్లు ఆర్పేశాక ముట్టుకోవాలి!”

గదంతా గోల. పబ్లిషరుకి ఏమీ అర్థంకాక, మెల్లగా బుజ్జగించి వాళ్ళ చేతే ఆ కథ చెప్పించుకున్నాడు. పొల్లుపోకుండా చెప్పారు. చెబుతూ చెబుతూ కొందరు ఏడ్చేశారు. లైబ్రరీ మేడమ్ జేబురుమాలు తీసింది.

“ఇంత మంచి ముగింపు నేను విని ఎన్నాళ్ళయిందో!” అన్నాడు పబ్లిషరు. “ఇదే వేద్దాం. చేపపిల్ల ఉంటుంది, గోల్‌కీపర్ ఇక చాలు. ఇంతకీ ఇది మీకు ఎవరు చెప్పారర్రా?”

పిల్లలందరూ వెనక నిలబడ్డ గోల్‌కీపర్ రచయిత వైపే వేలు చూపించారు. ఆయన బీరువా చాటుకి జరగబోయాడు. పరుగున వచ్చిన మరదలి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

“మీ పుస్తకం పోతుందని తెలిసి కూడానా, బావగారూ!” అంది. వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది.

నెల తిరక్కుండా పుస్తకం అచ్చయింది. మరదలు మొట్టమొదటి ప్రతి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. అట్ట మీద ఆవిడ పేరుంది, చివర ఆయన అధ్యాయముంది, మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో అంకితముంది: “అసూయ అంటే ఏమిటో ఎరగని మా బావగారికి.”